మా బొమ్మకు తప్పు చెప్పండి

రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని ఏటా పిల్లలకు పాఠం చెప్తాను. నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. పాఠం అయిపోయినంక పిల్లలు అడుగుతరు: "ఇప్పుడు గూడ ఉన్నదా టీచర్?" ఉన్నదనే చెప్తాను. హోటల్లో రెండు గ్లాసుల సంగతి, గుడి గడప సంగతి, అద్దె ఇల్లు అడగబోతే ముందుగాల ఇంటిపేరు అడిగిన సంగతి చెప్తాను. ఒక్క సంగతి మాత్రం ఇన్నేండ్లు చెప్పలేదు. అది కూడా అంటరానితనమేనని నాకే తెలవలేదు. ఏ ఠాణాలోనూ కేసు కాదు అది. నవ్వుకుంట చేసేది. మన పని ముందర నిలబడి, దాన్ని చూడకుండ, "చాలా బాగుంది" అని పక్కకు జరిగిపోయేది.

ఈ మాటకు కొందరికి కోపం వస్తుంది. తిట్టినా తప్పే, మెచ్చుకున్నా తప్పేనా అంటారు. అవును, చూడకుండా మెచ్చుకుంటే తప్పే. ఎట్లనో చెప్తాను.

నేను పనిచేసే ఊరి మాదిగవాడ పిల్లగాడు ఒకడు నా దగ్గర పదో తరగతి చదివిండు. నోట్సు వెనక పేజీలన్నీ బొమ్మలే. నానా తిప్పలు పడి పట్నంల బొమ్మల కాలేజీల సీటు తెచ్చుకున్నడు. ఆఖరి ఏడాది పిల్లలంతా తాము వేసినవి గోడలకు పెట్టి చూపిస్తరట. "టీచర్, మీరు రావాలె" అని ఫోన్ చేసిండు. సంఘం మిత్రులు నలుగురితో కలిసి పోయిన.

నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కేన్వాసు. నూనెరంగుల బొమ్మ. అందులో ఉన్నది వాళ్ల నాయిన. భుజాన డప్పు, కాళ్ల ముందర గడ్డి మంట, వెనక ఎర్రటి ఆకాశం, ఆకాశం నిండ పిడికిళ్లు. మా నాయిన కూడా డప్పు కొట్టినోడే. ఊళ్లె పీనుగు లేస్తే తిండి ఒదిలిపెట్టి పోయినోడు. ఆ డప్పు అంత పెద్ద కాలేజీ గోడ మీద కనపడంగనే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

శిక్షకులు ఒక్కో బొమ్మ దగ్గరికి వస్తున్నరు. మా పిల్లగాని పక్క బొమ్మ, కిటికీ దగ్గర కూసోని చదువుకుంటున్న అమ్మాయిది. దాని ముందర ఇద్దరు శిక్షకులు పావుగంట నిలబడ్డరు. కిటికీ వెలుతురు ఇటునుంచి వస్తుంటే మెడ కింద నీడ అటెందుకు పడిందని అడిగిండ్రు. మోచేయి ఎక్కడ వంగుతున్నదో చూడమన్నరు. ముఖం అంచు ఇంత గట్టిగ గీయకు, ఈ చెంప వెనక గోడలకు కరిగిపోనీయి అన్నరు. ఒకాయన అయితే ఆ పిల్ల చేతిల కుంచె అడిగి తీసుకోని, ఒక మూల రంగు కలిపి చూపించిండు.

తర్వాత మా పిల్లగాని వంతు. ఇద్దరూ నిలబడ్డరు. "స్ట్రాంగ్ థీమ్" అన్నడు ఒకాయన. "మీ కమ్యూనిటీ బాధ కనిపిస్తోంది. కీప్ ఇట్ అప్" అన్నడు ఇంకొకాయన. అర నిమిషం పట్టలేదు. చేతులు వెనకకు కట్టుకోని ముందుకు పోయిండ్రు. వీడు చేతిల కుంచె పట్టుకోని, అడుగుతే ఇద్దామని అట్లనే నిలబడ్డడు.

వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. అందులో ఒకాయన రిజర్వేషన్ల పక్షాన మాట్లాడే మనిషే అని వీడే చెప్పిండు. భయం కావచ్చు. దళితుల బొమ్మకు వంక పెడితే ఎవరేమంటారో అని. గౌరవం కావచ్చు. అయ్యా, గౌరవమే అయితే పావుగంట నిలబడండి. ఆ పిల్ల మోచేతికి ఉన్న ఎముకే మా నాయినల మోచేతికీ ఉన్నది. ఆ పిల్ల మెడ కింద పడే నీడే మా మెడల కిందా పడుతుంది. ఆమె బొమ్మ చూస్తే బొమ్మ కనపడ్డది, మా బొమ్మ చూస్తే కులం కనపడ్డది. కులం కనపడగానే కళ్లు పని మానేసినయి.

ఇంతవరకు రాసి ఆగిపోతే ఇది ఎప్పుడూ రాసే వ్యాసమే అవుతుంది. వాళ్ల తప్పుతో నా తప్పు కప్పుకున్నట్టవుతుంది. శిక్షకులు పోయినంక పిల్లగాడు నా దిక్కు తిరిగి, "టీచర్, మీరన్న చెప్పుండ్రి" అన్నడు. నేనేమన్ననో తెలుసునా? "మస్తుగున్నదిరా" అన్న. మా మిత్రులు జై భీమ్ కొట్టిండ్రు. బొమ్మ ముందర నిలబడి అందరం ఫోటోలు దిగినం. బస్సెక్కినం.

బస్సుల కూసున్నంక ఏదో కుదుట్లేదు. ఆ బొమ్మల ఏదో తేడా ఉన్నది. డప్పు. డప్పు కుడి భుజాన ఉన్నది. మనం ఎడమ భుజానికి కదా వేస్తం! కుడిచేతిల పొట్టి సిర్ర, ఎడమచేతిల సన్నటి సిటికెన పుల్ల. అంతా తారుమారై ఉన్నది. అది నేను చూసిన. నోరు తెరవలేదు. వాళ్లు అర నిమిషం నిలబడితే నేను గంట నిలబడి కూడా ఏం చెప్పిన? మస్తుగున్నదిరా అని చెప్పిన.

అప్పుడు నా డ్రాయింగ్ పుస్తకం యాదికొచ్చింది. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా నేను హాస్టల్ల ఉండి చదివిన. డ్రాయింగ్ సారు బెంచీల మధ్య తిరుక్కుంట, పిల్లల పుస్తకాలు తీసుకోని పెన్సిల్ తోని దిద్దుతుండె. ఒకరి కుండకు మూతి సక్కగ చేసేది, ఒకరి నెమలికి మెడ సరిచేసేది. నా దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచే, "బాగుంది, బాగుంది" అనేది. మూడేండ్లల్ల నా పుస్తకాన్ని ఒక్కసారి ముట్టలేదు. నేనేమనుకున్ననో తెలుసునా? క్లాసుల అందరికన్న నేనే మంచిగ గీస్తనని అనుకున్న. తప్పులు లేవు కాబట్టే దిద్దుతలేడని మురిసిపోయిన. మొన్న పెట్టె తీసి ఆ పుస్తకం చూసుకున్న. బర్రె వెనకకాలు ముందుకు వంగి ఉన్నది. బర్రెల నడుమ పెరిగిన పిల్లను, ఆ కాలు అట్ల వంగదని చూసుకోలేదు. చూడమని చెప్పినోళ్లు లేరు. మూడేండ్లు గీసిన బర్రెలన్నీ అవే కాళ్లు.

పుస్తకం ముట్టకపోతే మైల అంటదు, నిజమే. కానీ పుస్తకం ముట్టకపోతే విద్య కూడా అంటదు.

నూనెరంగుల విద్య ముఖ్యంగా చేతి నుంచి చేతికి పోయే విద్య. పుస్తకం చదివితే వచ్చేది కొంతే. కింది పూతలు పలచగా, నూనె తక్కువగా ఉండాలి. పైపూతల్లో నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే కొన్నేండ్లకు పైపూత పగులుతుంది. ఏ రంగు ఎంత తొందరగా ఆరుతుంది, ఏ అంచు కరగాలి, ఏ అంచు నిలవాలి, ఇవన్నీ ఒకరు వేస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి చూసి నేర్చుకునేవి. రాజా రవివర్మ సంగతే తీసుకోండి. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు ఆయనకు నేర్పడానికి ఒప్పుకోలేదనీ, తాను వేస్తుంటే చూడనిచ్చాడనీ చెబుతారు. పక్కన నిలబడే చోటు దొరికింది చాలు, ఆయన చూసి నేర్చుకున్నాడు. కిలిమానూరు పెద్దింటి బిడ్డ కాబట్టి రాజుగారి ఆస్థానంలో ఆ చోటు దొరికింది. మా పిల్లలు ఎవరి పక్కన నిలబడాలి?

మరుసటి ఆదివారం ఒక్కదాన్నే పట్నం పోయిన. పిల్లగాని గదికి పోయి, "అబద్ధం చెప్పి పోయినరా. బొమ్మ మళ్ల చూపియ్యి" అన్న. వాడు నవ్వలేదు. "ఎవరన్న ఏమన్న చెప్తరేమోనని దాని మీద ఇంకో పూత పెట్టకుండ ఆగిన టీచర్" అన్నడు. కొన్ని చోట్ల రంగు ఇంకా పచ్చిగనే ఉన్నది. నూనెరంగు తొందరగా ఆరదు. దినాల తరబడి తడిగ ఉంటది. తడిగ ఉన్నప్పుడు కత్తితోని గీకి తీసేయొచ్చు, ఆరినంక మీద మళ్లీ వేసుకోవచ్చు. అందుకే తప్పు చెప్పాల్సింది బొమ్మ వేస్తున్నప్పుడే. చట్రం కట్టి గోడకెక్కించి పూలదండ వేసినంక చెప్పేది పనికిరాదు.

"తప్పులు చెప్తే కోపం రాదా?" అని అడిగిన. వాడు గోడకు అంటించిన ఒక అచ్చుబొమ్మ చూపించిండు. వాన్‌గో వేసిన ఆలుగడ్డలు తినేవాళ్ల బొమ్మ. దాని కథంతా చెప్పిండు. 1885లో న్యూనెన్ అనే పల్లెలో, డి గ్రూట్ అనే రైతు కుటుంబాన్ని చూసి వేసిన నూనెరంగుల బొమ్మ అది. దీపం వెలుతురులో ఐదుగురు. దానికి ముందు పల్లె మనుషుల తలలే 40 దాకా వేసి చేయి తిప్పుకున్నాడు. మట్టి తవ్విన చేతులే ఆ గిన్నెలోకి వస్తున్నాయని చూపడం ఆయన ఉద్దేశం. ఆ బొమ్మకే లితోగ్రాఫ్ అనే రాతి అచ్చు ఒకటి తీసి స్నేహితుడు ఆంటన్ వాన్ రాపార్డ్‌కు పంపాడు. రాపార్డ్ పెద్దింటివాడు, అకాడమీల్లో చదివినవాడు. ఒకరి చేయి పొట్టిదనీ, అతనికే సగం ముక్కు లేదనీ, మోకాలూ పొట్టా లేవనీ, ఇట్లాంటి పని చేస్తూ పెద్ద చిత్రకారుల పేర్లు ఎట్లా ఎత్తుతావనీ ఉత్తరం రాశాడు. వాన్‌గో ఆ ఉత్తరాన్ని తిప్పి పంపాడు. ఐదేండ్ల స్నేహం ఆ యేడే తెగిపోయింది.

పిల్లగాడు అన్నడు: "నాకు రాపార్డ్ అన్న దొరికితే బాగుండు టీచర్. ఆయన కనీసం మోకాలు చూసిండు."

ఆ మాట నన్ను కోసింది. మా పిల్లలకు చెడ్డ విమర్శకుడు కూడా కరువే.

కానీ నేను రాపార్డ్‌ను కాదల్చుకోలేదు. ఆయన చెప్పినవాటిలో కొన్ని తప్పులు ఉన్నవే. అయినా ఆ ఉత్తరం ఎవరికి పనికొచ్చింది? మొదటి సంగతి, ఆయన చూసింది రాతి అచ్చు. కేన్వాసు చూడలేదు. రెండో సంగతి, నువ్వేం చూపాలనుకున్నవని అడగలేదు. మూడో సంగతి, చేయి పొట్టిదని చెప్పడంతో ఆగలేదు. నువ్వెవడివి అని అడిగాడు. చేతికి తప్పు చెప్పొచ్చు, దిద్దుకుంటాం. నువ్వెవడివి అనేదానికి దిద్దుబాటు ఏముంటది? ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు.

నిర్మాణాత్మక విమర్శ అని సభల్లో అంటుంటారు. నిర్మాణం అంటే కట్టడం. ఇటుక ముట్టనోడు గోడ కట్టలేడు, గోడ కూలగొట్టేటోడు కూడా కట్టలేడు. నాకు రంగులు కలపడం రాదు. నాకు తెలిసింది డప్పు, గడ్డిమంట, మా మనిషి నిలబడే తీరు. ఆ తెలిసినదాన్ని పట్టుకోనే చెప్పాలనుకున్న.

అర్ధగంట ఏం మాట్లాడకుండ చూసిన. దగ్గరికి పోయి చూసిన, గోడకు ఆనుకోని చూసిన. వాడు ఒక అద్దం తెచ్చి అందులోంచి చూడమన్నడు. అద్దంల తిరగబడితే కండ్లకు అలవాటైన తప్పులు బయటపడతయట. అద్దంల డప్పు ఎడమ భుజానికి వచ్చింది! నేను నవ్విన, వాడు నెత్తి కొట్టుకున్నడు. వాళ్ల నాయిన ఫోటో వాడు ఫోను ముందటి కెమెరాతోని, తాను కూడ పక్కన ఉండేటట్టు తీసుకున్నడు. ఆ ఫోటో తిరగబడి పడ్డది. దాన్నే చూసి వేసిండు. కన్నకొడుకే, రోజూ చూసిన డప్పే. అయినా మనిషిని ఒదిలి ఫోను చూసిండు. ఎందుకురా అంటే, "నాయినను నిలబెట్టాల్నంటే ఒకనాటి కూలి పోతది టీచర్" అన్నడు.

అప్పుడు అడిగిన: "ఇందులో నువ్వు చూపాలనుకున్నది ఏంది?" కొంచెంసేపు ఆలోచించి చెప్పిండు: "నాయిన డప్పు కాపుకోని, మొదటి దెబ్బ కొట్టే నిమిషం." ఇంక మాకు అదే కొలత. నాకు నచ్చిందా లేదా అన్నది కాదు. ఆ నిమిషం ఈ బొమ్మల ఉన్నదా లేదా, అదొక్కటే.

ముందుగాల ఉన్నది చెప్పిన. మడమల పగుళ్లు, వాటిల ఇరుక్కున్న మట్టి, మంట అంచున బూడిదైపోతున్న గడ్డి. "ఇది నువ్వు చూసి వేసినవ్. దీన్ని ముట్టకు" అన్న. ఇది తీపి ముందు పెట్టి చేదు వెనక పెట్టడం కాదు. ఏది నిలబెట్టాలో తెలవకపోతే, గీకేటప్పుడు మంచిది కూడ గీకిపారేస్తడు.

"మంట కాళ్ల దగ్గర ఉన్నది గదా, వెలుతురు కిందినుంచి రావాలె. నువ్వు ఛాతీ మీద పైనుంచి ఎందుకు ఏసినవ్?" అని అడిగిన. వాడు చూసుకున్నడు. ఆ ఛాతీ వాళ్ల నాయినది కాదు, సినిమా హీరోది. ఆ వెలుతురు కూడ సినిమాదే.

"మీ నాయిన పెంక అడుగు లెక్క ఉంటడా?" అని అడిగిన. ఒంటికంతా నల్లట్యూబు పిండిండు. మసి పూసినట్టున్నది. మన నలుపు అట్ల ఉండదు. మిట్ట మధ్యాహ్నం నాటేస్తున్న మా అమ్మ వీపు మీద ఆకాశం నీలంగ పడుడు నేను చూసిన. మంట దగ్గర కూసున్న నాయిన దవడ కింద రాగిబిందె రంగు చూసిన. ఇది చెప్తే వాడు నల్లట్యూబు పక్కన పెట్టిండు. బర్న్ట్ సియెన్నాల అల్ట్రామెరీన్ నీలం కలిపి పలకమీద రాసి చూపించిండు. నల్లగనే ఉన్నది, కానీ లోపల ఊపిరి ఉన్న నలుపు. ఏ పాలు ఎక్కువైతే ఆ దిక్కు వెచ్చగనో సల్లగనో తిరుగుతున్నది. అది నాకు తెలవదు, వాడికి తెలుసు. నేను చూసింది చెప్పిన, చేయవలసింది వాడు కనుక్కున్నడు. దిద్దుడు అంటే ఇదే కావచ్చు.

కుడిచేయి మరీ పెద్దగున్నదన్న. "కావాల్ననే పెద్దగ ఏసిన" అన్నడు. సరే. సవీ సావర్కర్ అని నాగపూర్‌లో 1961లో పుట్టిన దళిత చిత్రకారుడున్నాడు. మెడకు ముంత వేలాడే అంటరాని మనుషులను ఆయన వేసిన బొమ్మల్లో ఒళ్లు కొలత ప్రకారం ఉండవు. అవి తప్పులు కావు, ఉద్దేశాలు. ఏది తప్పో ఏది ఉద్దేశమో అడగకుండా దిద్దేవాడు దొరతనం చేసినట్టే. అందుకే అడిగిన: "కుడిచేయి సరే. మరి ఎడమచేయి చిన్నపిల్లగాని చేయిలెక్క ఎందుకున్నది?" దానికి జవాబు లేదు. రాసుకున్నడు.

ఆఖరికి ఆకాశం. "ఈ ఎర్ర ఆకాశం, ఈ పిడికిళ్లు నువ్వు ఎక్కడ చూసినవ్?" నేల చూసిండు. "పోస్టర్ల మీద" అన్నడు.

ఇక్కడనే మా మిత్రులకు నాకు లొల్లి అయింది. ఆకాశం తీసేస్తే రాజకీయం పోతది అన్నరు. పిడికిళ్లు తీసేయమన్న దానివి నువ్వు ఎవరి దిక్కు అని అడిగినోళ్లు కూడ ఉన్నరు. నేను పోస్టర్లను తక్కువ చేస్తలేను. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనంక, సిగ్గుపడి దాచుకున్న డప్పు గోడలకెక్కింది, పుస్తకాల అట్టలకెక్కింది. నా చిన్నతనంలో ఆ గోడబొమ్మ చూసే మా నాయిన డప్పు వంక తల ఎత్తి చూడగలిగిన. పోస్టర్ మనుషులను పిలుస్తుంది. పిలిచే పని అది చేసింది. కానీ పిలుపు విని వచ్చిన మనిషి ముఖం ఎట్లుంటదో ఎవరు చూపాలి? అన్ని బొమ్మల్లో అదే ఛాతీ, అదే పిడికిలి, అదే తెరిచిన నోరు ఉంటే, ఇందులో మా ఊరి మనిషి ఏడి? అగ్రకులపోళ్లు మనలను ఒక్క మూసల పోసిండ్రని తిట్టుకుంటం. మన మూస మనం పోసుకుంటే అది విముక్తి అవుతుందా?

ఆ తర్వాత అసలు విమర్శకుడు వచ్చిండు. పిల్లగాని నాయిన దవాఖాన పనిమీద పట్నం వస్తే, బొమ్మ దగ్గరికి తీసుకపోయినం. చానసేపు చూసిండు. నూనె వాసనకు ముక్కు మూసుకున్నడు. "ఎవడీడు?" అన్నడు. "నువ్వే నాయినా." మళ్ల చూసిండు.

"ఈడు కొడ్తలేడు బిడ్డా. పట్టుకోని నిలబడ్డడు. కొట్టేటోడు రెండు కాళ్ల మీద సమానంగ నిలబడడు, ఒక కాలుకు బరువు ఇస్తడు. మోకాలు ఇంత వంగుతది" అని నిలబడి చూపించిండు. ముందుకొచ్చి డప్పు దగ్గర వేలు పెట్టబోయి, తడి అని చెప్తే ఆపిండు. "ఈ తోలు సల్లగున్నది. ఇంక కాగలే. ఈ డప్పు మోగదు" అన్నడు.

నేను అడిగిన: "మొఖం సంగతేందే?"

"నోరెందుకు తెరిసిండు పంతులమ్మా? ఒర్లుతున్నడా? డప్పు కాపినంక మొదటి దెబ్బ కొట్టి ఇంటం. తోలు బిగిసిందా, ఇంకింత కాపాల్నా అని చెవి పెట్టి ఇంటం. నేను ఇనుకుంట కొడ్త. ఒర్లుకుంట కొట్ట. ఎనక గా మంది ఎవరు? కాపేటప్పుడు నేను ఒక్కన్నే ఉంట."

నేను అర్ధగంట చూసి పట్టలేనిది ఆయన మూడు మాటల్లో పట్టిండు. కాలేజీలో దీన్ని బరువు పడే తీరు అంటారట, ఉపరితలం అంటారట, ముఖభావం అంటారట. ఆయనకు ఆ మాటలు రావు. ఆ పని వచ్చు. వాన్‌గో ఉత్తరాలు ఇప్పటికీ లోకమంతా చదువుకుంటుంది. ఆ గొడవలో మనకు వినపడేది ఇద్దరు చిత్రకారుల మాటే. మా రెక్కలు ఇట్ల ఉండయని, ఆలుగడ్డ ఇట్ల తినమని ఆ బొమ్మలో కూసున్న ఐదుగురు ఏమన్నారో అందులో వినపడదు. ఎవరి ఒళ్లు బొమ్మ అయిందో, ఆ మనిషిని అడగని విమర్శ సగం విమర్శే. ఇది మా పిల్లలకూ వర్తిస్తుంది. మనోళ్ల బొమ్మ మనోడే వేసినంత మాత్రాన, మనోన్ని అడిగినట్టు కాదు.

పిల్లగాడు ఆకాశం గీకిండు. ఎండాకాలం సెలవుల్ల ఊరికి పోయి, ఆరు ఆదివారాలు నాయినను మంట ముందర నిలబెట్టి గీసుకున్నడు. ఉత్తగ కాదు. ఏ దినం కూలి ఆ దినం ఇచ్చిండు. ఆ పైసలు వాడు సగం, నేను సగం వేసుకున్నం. మొదటి ఆదివారం, కొడుకు దగ్గర కూలి ఏందని ఆయన తిట్టిండు. ఇన్నేండ్లు ఊరోళ్లకు ఉత్తగ కొట్టినవ్, కొడుకుకు కూడ ఉత్తగనేనా అని నేనంటే తీసుకున్నడు.

తర్వాత వాడు చేసిన పని నాకు అన్నిటికన్న ఇష్టమైంది. ఆ శిక్షకుని దగ్గరికి పోయిండు. రిజర్వేషన్ల పక్షాన మాట్లాడే ఆయన దగ్గరికే. "సార్, థీమ్ సంగతి వద్దు. ఈ ఎడమ భుజం కుదురుతలేదు. పావుగంట కావాలె" అని అడిగిండు. ఆయన ముఖం మాడిందట. కొంచెంసేపటికి బొగ్గుముక్క తీసుకోని, డప్పు తాడు బరువుకు భుజం ఎట్ల లేస్తదో, గూడ ఎముక ఎట్ల వాలుతదో కాగితం మీద గీసి చూపించిండట. పావుగంట కాదు, గంట కూసున్నడట. అంటే ఆయనకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అడిగితే చెప్పిండు. అడగనోళ్ల సంగతేంది? అడగొచ్చని తెలవనోళ్ల సంగతేంది?

అందుకే ఈ పుస్తకం చదివే విద్యార్థులకు చెప్తున్నాను. మీ పనిని మెచ్చుకోని పక్కకు జరిగేటోన్ని ఆపండి. "ఎక్కడ బాగుంది, ఎక్కడ బాలేదు, వేలు పెట్టి చూపించు" అని అడగండి. చూపలేకపోతే వాడు చూడలేదని తెలుసుకోండి. మన సంఘాల మిత్రులకు చెప్తున్నాను. మనోడు వేసిండు, మనోడు రాసిండు అని చప్పట్లు కొట్టి ఫోటోలు దిగి ఇంటికి పోయే అలవాటు మానుకుందాం. నేనే దిగిన, అందుకే చెప్తున్న. శిక్షకులకు చెప్తున్నాను. మాకు మీ జాలి వద్దు, మీ భయం వద్దు. మాకు మీ పెన్సిల్ కావాలె. పక్క బెంచి పిల్లకు ఇచ్చిన పావుగంటే మాకూ ఇవ్వండి. మా బొమ్మకు తప్పు చెప్పండి. తప్పు చెప్తే మేము చస్తమా? ఇంతకంటే పెద్ద మాటలు పడి బతికినోళ్లం.

మా బడిల నేను కూడ మారిన. మా వాడ పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు ప్రేమకొద్ది రెండు మార్కులు ఎక్కువ వేసి, గుడ్ అని రాసి ఒదిలిపెట్టేదాన్ని. అది మా డ్రాయింగ్ సారు బుద్ధే, నాకు తెలవకుండ నాకు అంటుకున్నది. ఇప్పుడు ఎర్రపెన్ను పట్టుకోని వరుసవరుస దిద్దుతున్న. పిల్లలు మొదట అలిగిండ్రు. ఇప్పుడు, "టీచర్, నా దాంట్ల తక్కువ రాసిండ్రేంది, చదవలేదా?" అని అడుగుతున్నరు.

బొమ్మ ఇంక అయిపోలేదు. డప్పు ఎడమ భుజానికి వచ్చింది. దవడ కింద రాగి రంగు పడ్డది. నోరు మూసుకున్నది, చెవి తోలు దిక్కు వాలింది. ఆకాశం పోయి మామూలు పొద్దుగూకే చీకటి వచ్చింది, ఆ చీకట్ల ఒక్కడే ఉన్నడు. మొన్న పోయి చూసిన. ఎడమకాలు ఇంకా నేలకు ఆనలేదు, గాల్లో ఉన్నట్టున్నది. అదే చెప్పిన. వాడు కత్తి తీసుకోని మోకాలి దాకా గీకుతున్నడు.